లిబెరోకి ఒక్క ఫొటో కూడా లేదు!

మొన్న మా ఆఫీసు ఇండోర్ వాలీబాల్ టోర్నీకి నేనే ఫొటోగ్రాఫర్‌ని. ఫ్లాష్ ఆటగాళ్ళ కళ్ళలో కొడుతుందని వాడలేదు. 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్సు, ఐఎస్ఓ 3200, షట్టర్ 1/500. నాయిస్ వస్తే రానీండి, బంతీ మనిషీ అలుక్కుపోతే ఇక ఆ ఫొటో ఎందుకు?

ఇంటికొచ్చి చూస్తే మూడొందల ఫొటోల్లోనూ నెట్ మీద స్మాష్‌లే! వేరే రంగు జెర్సీలో నేలమీద పడి బంతులు లేపిన మా లిబెరో ఒక్కదాంట్లోనూ లేడు. పాపం, రూల్స్ ప్రకారం అతను బ్లాక్ చెయ్యకూడదు, నెట్ పైనుంచి స్మాష్ కొట్టకూడదు.

సోమవారం "నావేమైనా వచ్చాయా?" అని అడిగితే తల దించుకున్నాను. రాత్రుళ్ళు ప్రొడక్షన్ సపోర్ట్ చేసే మనకి ఈ బాధ కొత్తా చెప్పండి? బంతి పైకి లేచాకే కెమెరా ఎత్తాను, లేపిందెవరో చూడలేదు. ఈసారి సగం ఫొటోలు కోర్టు వెనక వరసవే.