వాట్లు చూసి స్పీకర్లు కొంటున్నారా?

ఇయర్‌బడ్స్ ఎంత మంచివైనా ఆ పాట మనొక్కరికే. ఇంట్లో నలుగురూ కూర్చుని హాయిగా వినేలా ఓ మంచి స్టీరియో సెట్ ఉంటే బాగుండునని చాలామందికి అనిపిస్తుంది. వెంటనే షాపింగ్ యాప్ తెరుస్తాం. అక్కడ 2,000 వాట్లు, 5,000 వాట్లు అంటూ పేద్ద అంకెలు. ఏది ఎక్కువుంటే అది కార్ట్‌లోకి! నెలల తరబడి దాచుకున్న డబ్బులు వృథా అయ్యేది సరిగ్గా ఇక్కడే.

అంకెల మాయ

వాట్ల పక్కన ‘పీఎంపీఓ’ అని ఉంటే ఆ అంకెను మర్చిపోండి. దాన్ని ఇలాగే కొలవాలని అందరూ ఒప్పుకున్న పద్ధతేమీ లేదు. కంపెనీ ఎంత రాస్తే అంత. చూడాల్సింది ‘ఆర్‌ఎంఎస్’. అది కూడా ఒక్కో ఛానల్‌కి ఎన్ని వాట్లు, ఎన్ని ఓమ్స్ దగ్గర అన్నది చూడాలి.

ఇంకో సంగతి. వాట్లు డబుల్ అయితే సౌండ్ డబుల్ అవదు. 50 వాట్ల నుంచి 100 వాట్లకు వెళ్తే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపు సౌండ్ అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ పెరగాలి. అంటే పవర్ 10 రెట్లు కావాలన్నమాట.

అసలు పట్టించుకోవాల్సిన అంకె స్పీకర్ ‘సెన్సిటివిటీ’. 1 వాట్ పవర్ ఇస్తే 1 మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ వినిపిస్తుందో ఇది చెబుతుంది. 84 డెసిబెల్స్ స్పీకర్‌కి 100 వాట్లు ఇస్తే వచ్చే సౌండ్, 90 డెసిబెల్స్ స్పీకర్‌కి 25 వాట్లిస్తేనే వచ్చేస్తుంది. అలాగే ఓమ్స్ కూడా కలవాలి. 8 ఓమ్స్‌కే సరిపోయే ఆంప్లిఫయర్‌కి 4 ఓమ్స్ స్పీకర్లు తగిలిస్తే అది వేడెక్కి ఆగిపోవచ్చు, పాడైపోవచ్చు కూడా.

ముందు ఏది కొనాలి?

ముందు గది చూసుకోండి, తర్వాత స్పీకర్లు, ఆ తర్వాతే ఆంప్లిఫయర్. 10 అడుగులు బై 12 అడుగుల గదికి 5 అంగుళాల వూఫర్ ఉన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లు చాలు. మనిషంత ఎత్తు టవర్ స్పీకర్లు పెడితే బాస్ గదిలో ఇమడక గుయ్యిమంటుంది.

బడ్జెట్ 40,000 రూపాయలనుకుంటే సగానికి పైగా స్పీకర్ల మీదే పెట్టండి. సౌండ్‌లో తేడా ఎక్కువగా తెలిసేది అక్కడే. వైర్ల గొడవ వద్దనుకుంటే ‘యాక్టివ్’ స్పీకర్లు తీసుకోండి. ఆంప్లిఫయర్ వాటి లోపలే ఉంటుంది. మున్ముందు ఒక్కొక్కటిగా మార్చుకుంటూ పోదామనుకునేవాళ్లకి విడి స్పీకర్లు, విడి ఆంప్లిఫయరే మేలు.

పాట ఎలాగూ ఫోన్‌లోంచే వస్తుంది. సీడీ క్వాలిటీ అంటే సెకనుకి 1,411 కిలోబిట్స్. బ్లూటూత్‌లో బాగా పేరున్న ఎల్‌డీఏసీ కూడా గరిష్ఠంగా 990 దగ్గర ఆగుతుంది. మామూలుగా వినడానికి బ్లూటూత్ చాలు. లాస్‌లెస్ పాటలకి నెలనెలా డబ్బు కడుతున్నవాళ్లు మాత్రం చిన్న యూఎస్‌బీ డాక్ పెట్టుకుని వైరుతో వినండి. స్పీకర్ వైరుకి వేలు పోయక్కర్లేదు. నాలుగైదు మీటర్ల దూరానికి కాస్త మందంగా ఉన్న రాగి వైరు చాలు. ప్లస్, మైనస్ మాత్రం తిరగేయకండి. ఒక స్పీకర్‌కి మారిపోయినా బాస్ పలచబడిపోతుంది, గొంతు మధ్యలో నిలవదు.

షాపులో జాగ్రత్త

రెండు స్పీకర్లు పోల్చేటప్పుడు వాల్యూమ్ సమానంగా ఉందో లేదో చూడండి. కొంచెం గట్టిగా మోగేదే మన చెవికి బాగున్నట్టు అనిపిస్తుంది. వాళ్లు పెట్టే డెమో పాట కాకుండా మీకు కంఠతా వచ్చిన పాట పెట్టించండి. గొంతు పక్కన మనిషి పాడుతున్నట్టుందా? మృదంగం దెబ్బ విడిగా తెలుస్తోందా, బాస్‌లో కలిసిపోతోందా? అరగంట విన్నా చెవి నొప్పెట్టకపోతే అది మీ స్పీకరే.

సెకండ్ హ్యాండ్‌లో మంచి బేరాలు దొరుకుతాయి. కాకపోతే వూఫర్ చుట్టూ ఉండే రింగు చూడండి. ఫోమ్ రింగైతే ఏళ్లు గడిచేకొద్దీ, ముఖ్యంగా మన ఉక్కపోతకి, పొడిపొడిగా రాలిపోతుంది. రబ్బరుది ఎక్కువకాలం ఉంటుంది.

పైసా ఖర్చు లేని అప్‌గ్రేడ్

స్పీకర్లని మూలకి తోసేయకండి, బాస్ ఉబ్బిపోతుంది. గోడకి ఒకటి రెండు అడుగులు ఇవతల పెట్టి, రెండు స్పీకర్లూ మీరూ సమాన త్రిభుజంలో ఉండేలా కూర్చోండి. ట్వీటర్ మీ చెవి ఎత్తులో ఉండాలి. మన ఇళ్లలో టైల్స్ నేల, ఖాళీ గోడలు ఎక్కువ కాబట్టి సౌండ్ గంగోళంలా మోగుతుంది. మందపాటి కర్టెన్లు, నేల మీద ఒక జంపఖానా, పుస్తకాల అలమర ఉంటే చాలా మారుతుంది. అపార్ట్‌మెంటైతే సబ్‌వూఫర్ తొందర వద్దు. బాస్‌కి శ్లాబు, గోడలు అడ్డం కావు. మీకు పండగే గానీ కింది ఫ్లోర్ వాళ్లకి నిద్ర ఉండదు.

కాబట్టి ఈ ఆదివారం యాప్ తెరిచే ముందు టేపు తీసుకుని గది కొలవండి. స్పీకర్లు ఎక్కడ పెడతారో, మీరెక్కడ కూర్చుంటారో తేల్చుకోండి. సగం షాపింగ్ అక్కడే అయిపోతుంది.