ఫోనులో చిక్కుకున్న తెలుగు పుస్తకం

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ నాడు ఆగిన మెట్రో రైలు, మళ్లీ కదిలింది సెప్టెంబరు 7న. ఈ మధ్యలో చదువుల సందడి అంతా సద్దుమణిగిపోయింది. లాక్‌డౌన్ మొదలవగానే నగరంలోని హాస్టళ్లు ఖాళీ అయ్యాయి. ఊరెళ్లే పాసుల కోసం విద్యార్థులు పోలీస్‌స్టేషన్ల ముందు బారులు తీరారు. ఆ హడావుడిలో బట్టలైతే సంచిలో పట్టాయి. పుస్తకాలన్నీ పడతాయా?

కొత్తవి కొందామన్నా కష్టమే. ప్రెస్సు, బైండింగు, రవాణా... అన్నీ ఆగాయి. నవలను ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు చదువుకోవచ్చు. పాఠ్యపుస్తకం సంగతి అలా కాదు. సమయం దాటితే కొనేవారుండరు, సిలబస్ మారితే గోడౌన్‌లోని కట్టలు చిత్తుకాగితాలే. ఆ ఏడాది తెలంగాణలో ఇంటర్ పాఠాలు సెప్టెంబరు 1న టీవీల్లో మొదలయ్యాయి. సిలబస్‌లో 30 శాతం కోత పడింది. డిగ్రీ మొదటి సంవత్సరం తరగతులకు యూజీసీ పెట్టిన ముహూర్తం నవంబరు 1. ఇక ఏ పుస్తకం ఎన్ని కాపీలు వేయాలో ఎవరు చెప్పగలరు?

బయటి ప్రపంచంలో మాత్రం తలుపులు తెరుచుకున్నాయి. కేంబ్రిడ్జి యూనివర్సిటీ ప్రెస్ 700కు పైగా పాఠ్యపుస్తకాలను ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. తాకిడి తట్టుకోలేక కొద్దిరోజులకే ఆపాల్సి వచ్చిందనుకోండి! అమెరికాలోని ఇంటర్నెట్ ఆర్కైవ్ మార్చి 24న దాదాపు 14 లక్షల పుస్తకాలను నిరీక్షణ లేకుండా అరువిచ్చింది. నాలుగు పెద్ద ప్రచురణ సంస్థలు కోర్టుకెళ్లడంతో జూన్ 16న ఆ ఏర్పాటును మూసేసింది. తప్పొప్పులు ఎలా ఉన్నా, ఇంగ్లిషులో చదివేవారికి ఏదో ఒక దారి దొరికింది.

మరి తెలుగు మీడియం వాళ్లకు?

ఉన్నత చదువులు తెలుగులో సాగాలనే 1968లో తెలుగు అకాడమీ పుట్టింది. పీవీ నరసింహారావు దానికి తొలి అధ్యక్షుడు. డిగ్రీ విద్యార్థులకే కాదు, గ్రూప్స్‌కు చదివేవారికీ ఆ పుస్తకాలే ఆధారం. అలాంటి పుస్తకాలు ఫోనుల్లోకి ఎక్కువగా వచ్చింది ఫొటోలు తీసిన పేజీలుగానే. ఎవరో ఒకరు స్కాన్ చేస్తారు, వాట్సాప్‌లో పది గ్రూపులు తిరుగుతుంది. రాసినవారికీ వేసినవారికీ పైసా రాదు. చదివేవారికేమో కళ్లు నొప్పులు.

అసలు చిక్కు ఫాంట్ల దగ్గరుంది. తెలుగు ప్రచురణకర్తలు చాలామంది ఏళ్ల తరబడి పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో పుస్తకాలు చేశారు. కాగితం మీద ముత్యాల్లా కనిపించే ఆ అక్షరాలు కంప్యూటర్ లెక్కలో తెలుగు కావు. ఇంగ్లిషు అక్షరాల చోట కూర్చోబెట్టిన తెలుగు బొమ్మలు! కాపీ చేస్తే పిచ్చిగీతలు వస్తాయి. వెతికితే మాట దొరకదు. చూపులేని విద్యార్థికి ఫోను చదివి వినిపించలేదు. మార్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నా, వత్తులు చెదిరిపోతే ప్రతి పేజీనీ మళ్లీ దిద్దాల్సిందే. తక్కువ కాపీలు అమ్ముడయ్యే పుస్తకానికి ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?

యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. ఉచిత ఫాంట్లూ వచ్చాయి. కొత్త పుస్తకాన్ని మొదటే యూనికోడ్‌లో కంపోజ్ చేయిస్తే అచ్చుకూ, ఫోనుకూ ఒకే ప్రతి సరిపోతుంది. పాతవాటిలో ఎక్కువమందికి పనికొచ్చేవి ఎంచి ముందు మార్చుకోవచ్చు. ఇది ఒక్కో ప్రచురణకర్త మోసే బరువు కాదు. విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వాలు చేయి కలపాలి.

మీ ఇంట్లో డిగ్రీ చదివే పిల్లలుంటే ఒక చిన్న పరీక్ష పెట్టండి. వాళ్ల ఫోనులో ఉన్న తెలుగు పాఠంలో ఒక్క మాట వెతకమనండి. దొరికితే సరే. దొరకలేదా? మరో మహమ్మారి వచ్చాక చూద్దాంలే అనుకుంటే, ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టే!