నగర దర్శనంలో ఆపుకోరాని వేగాలు

వేసవి సెలవులు వచ్చాయంటే హైదరాబాదులో కాపురముంటున్న మా వంటివారి ఇళ్లకు బంధువుల రాక మొదలవుతుంది. పిల్లలకు చార్మినారు చూపించాలి, గోల్కొండ ఎక్కించాలి, హుసేన్‌సాగరులో బుద్ధ విగ్రహం వద్దకు పడవలో తీసుకుపోవాలి. "ఇంత ఖర్చు పెట్టుకొని వచ్చాము, ఒక్కటీ వదలరాదు" అన్నది అందరి పట్టుదల. ఆటో బేరంలో మోసపోకుండా, జేబులోని పర్సు పోకుండా ఎంతో జాగ్రత్త వహిస్తారు. తమ వెంట వచ్చిన శరీరాన్ని గురించి మాత్రం ఎవరూ తలచరు. కొత్త నగరానికి పోయినవారు చేసే పొరపాట్లలో పెద్దది ఇదేనని నా అభిప్రాయం.

ఈ మాట ఊరికే అనడం లేదు. కొన్నేళ్ల క్రితం మే నెలలో మా అక్కయ్య, బావగారు మనుమడితో తెనాలి నుండి వచ్చారు. బావగారికి అరవై నాలుగేళ్లు. మధుమేహానికి మాత్రలు వాడుతున్నారు. రాత్రంతా రైలులో కూర్చొని వచ్చినవారిని స్నానం కాగానే బయలుదేరదీశాను. ఒక్క రోజులో నాలుగు చోట్లు చూడాలని పట్టిక వేసినది నేనే. మాత్ర వేసుకొని, రెండు ఇడ్లీలు మాత్రం తిని ఆయన లేచారు. తీరా సాలార్‌జంగ్ మ్యూజియం ముందు దిగేసరికి తలుపులు మూసి ఉన్నాయి. ఆనాడు శుక్రవారం, మ్యూజియానికి సెలవు. ముప్పై ఏళ్లుగా ఈ నగరంలో ఉంటున్న నాకే ఆ సంగతి గుర్తు లేకపోయింది.

అక్కడి నుండి చార్మినారు, ఆపై సుమారు పది కిలోమీటర్ల దూరాన గోల్కొండ. దారిలో భోజనం చేద్దామంటే బావగారు "కోట చూసి వచ్చి తీరికగా తిందాములేవోయ్" అన్నారు. నీళ్లిస్తే, మరుగుదొడ్డి ఎక్కడ దొరుకుతుందోనని గుక్కెడు త్రాగి ఊరుకున్నారు. మిట్టమధ్యాహ్నం, మూడు వందలకు పైగా మెట్లు. సగం దాటకముందే ఆయనకు చెమటలు పట్టాయి, చేతులు వణికాయి, మాట తడబడింది, ఉన్నచోటనే కూలబడిపోయారు. వెనుక వస్తున్న ఒక కుటుంబంవారు తమ బిడ్డ కోసం తెచ్చుకున్న గ్లూకోజు పొడిని నీటిలో కలిపి త్రాగించారు. ఆస్పత్రికి చేర్చాక వైద్యుడు చెప్పినది రెండే మాటలు: రక్తంలో చక్కెర బాగా పడిపోయింది, ఒంట్లో నీరు తగ్గింది. ఆనాటి మా అక్కయ్య ముఖం నేను ఇప్పటికీ మరువలేదు.

చరక సంహిత సూత్రస్థానంలో ఏడవ అధ్యాయం సహజ వేగాలను గురించి చెబుతుంది. ఆపుకోరాని వేగాలు పదమూడని చరకుడు చెప్పాడు. వాటిలో మూత్రం, ఆకలి, దప్పిక, నిద్ర, శ్రమవల్ల కలిగే ఆయాసం ఉన్నాయి. ఈ ఐదింటినీ మా బావగారు ఒక్క పూటలో ఆపుకున్నారు. కాదు, మేమే ఆపించాము. ఇంట్లో ఉన్ననాడు ఎవరూ చేయని పనిని విహారయాత్ర పేరుతో అందరం సంతోషంగా చేస్తున్నాము. గ్రీష్మంలో ఎండను, వ్యాయామాన్ని విడువమని ఋతుచర్య బోధిస్తుంటే, ఆ ఋతువులోనే మధ్యాహ్నపు కోట మెట్లను ఎంచుకుంటున్నాము.

అయితే నగరాలు చూడవద్దా? తప్పక చూడవలసినదే. వచ్చిన రోజు విశ్రాంతికి కేటాయించండి. ఆ తర్వాత రోజుకు రెండు చోట్లకు మించి పెట్టుకోవద్దు. గోల్కొండ వంటివి ఉదయం తెరిచిన వేళకే చూడండి. లాడ్ బజారు గాజుల దుకాణాలకు ఎండ చల్లబడ్డాక పోవచ్చు. నడుమ వేళ భోజనానికి, కునుకుకు వదలండి. ఏ చోటికి ఏనాడు సెలవో ముందే విచారించండి. సాలార్‌జంగ్‌కు శుక్రవారం, జంతు ప్రదర్శనశాలకు సోమవారం సెలవు. మధుమేహ రోగులు మాత్ర వేసుకున్నాక భోజనాన్ని వాయిదా వేయరాదు. జేబులో చక్కెర పొట్లం ఉండవలెను. స్పృహ తప్పినవారి నోట మాత్రం ఏదీ పోయరాదు, వెంటనే 108కి ఫోను చేయవలెను.

ఊరు మారితే నీరు మారుతుందని పెద్దలంటారు. కాచి చల్లార్చిన నీరు ఇంటి నుండే తీసుకుపోవడం మేలు. దారిలో కోసి ఉంచిన పండ్లముక్కలు, ఐసు వేసిన రసాలు వద్దు. అరటిపండు, కొబ్బరిబొండాం మంచివి. బిర్యానీ రుచి చూడవలసినదే, కాని దానిని తిని ఎండలో తిరగరాదు. ఇరానీ టీ దప్పికకు మందు కాదు. పలుచని మజ్జిగలో కొంచెం అల్లం, ఉప్పు వేసి ఇంట్లోనే త్రాగి బయలుదేరండి. విరేచనాలైతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కలిపి కొద్దికొద్దిగా ఇవ్వాలి. స్పూన్లు తలకొట్టి కొలవండి. రక్తపోటు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు ఉప్పు విషయంలో వైద్యుని అడగాలి. జేబులో ఉల్లిపాయ ఉంటే వడదెబ్బ తగలదన్నది కేవలం నమ్మకం. దానిని నమ్మి నీరు మానవద్దు. ఒళ్లు కాలిపోతూ మాట తికమకపడితే ఇంటి వైద్యంతో కాలయాపన చేయక, ఒళ్లు తడిపి విసురుతూ ఆస్పత్రికి తరలించాలి.

చివరగా ఆతిథ్యమిచ్చే నగరవాసులకు ఒక్క మాట. అతిథి మొహమాటపడి అడగడు. "నీళ్లు త్రాగారా? కాసేపు కూర్చుందామా? బాత్‌రూము ఇటు ఉన్నది" అని మనమే అడగాలి. పెద్దవారు ఏ మాత్రలు ఎప్పుడు వేసుకుంటారో మనకు తెలిసి ఉండాలి.

బావగారు కోలుకొని, మరుసటి ఏడు మార్గశిరంలో మళ్లీ వచ్చారు. ఈసారి పట్టిక అక్కయ్య వేసింది. మూడు రోజుల్లో చూసినవి నాలుగే చోట్లు. గోల్కొండను ఉదయం పూట, పది మెట్లకొకసారి నిలబడుతూ ఎక్కాము. పైన బాలాహిస్సారులో చల్లగాలికి కూర్చొని ఆయన నగరమంతా తీరికగా చూశారు. మొదటిసారి వచ్చినప్పుడు మేము ఆయనకు చూపలేకపోయినది అదే.