కొండ యెక్కుటకొక దినము



మన యాడువారు ప్రయాణములు చేయరని యెవ్వరనగలరు? పెండ్లికి పోవుదుము, పురిటికి పోవుదుము, పరామర్శకు పోవుదుము. జబ్బు చేసిన ఆసుపత్రికి పోవుదుము. మ్రొక్కు తీర్చుకొనుటకు యాదగిరిగుట్టకును వేములవాడకును పోవుదుము. ఈ ప్రయాణములన్నిటికిని ఒక పేరు కలదు, ఒక పని కలదు. పని లేని ప్రయాణము మాత్రము మనకు లేదు. ఊరక చూచుటకును, నడచుటకును, కాళ్లు నొచ్చువరకు కొండ యెక్కి గాలి పీల్చుకొని మరలి వచ్చుటకును ఒక దినము కావలెనని యింటిలో నడుగుటకు మనకు నోరాడదు. అడిగినచో "ఎందుకు?" అని ప్రశ్న పుట్టును. ఆ ప్రశ్నకు నాకు తోచిన యుత్తరమును ఈ నెల మీ ముందుంచుచున్నాను.

మేముండు పాశమైలారము పటాన్‌చెరువునకు చేరువనున్న పరిశ్రమల ప్రాంతము. ఇచ్చట దినమును షిఫ్టులు పంచుకొనును. ఒక్కొక్క యింటిలో ముగ్గురు మూడు వేళల దినువారుందురు గనుక పొయ్యి చల్లారు వేళ యరుదు. 2025 జూన్ 30వ తేదీన ఇచ్చటి యొక మందుల కర్మాగారమున సంభవించిన ప్రేలుడులో నలువదిమందికి మించి కార్మికులు మరణించిరి. పొట్ట చేతబట్టుకొని బీహారునుండియు ఒడిశానుండియు వచ్చినవారు వారిలో ననేకులు. నాటినుండి మా వాడలోని స్త్రీలకు షిఫ్టు ముగియు వేళకు గుమ్మమున నిలుచుట యలవాటైనది. కొడుకో, మగడో, కూతురో వీథి మలుపున కనబడువరకు వారి చేతులు పనిలో నిలువవు. ఇట్టి చోట వినోదయాత్ర యేమిటని మీకు తోచవచ్చును. ఇట్టి చోటనే యది మిక్కిలి యవసరమని నా మనవి. ఏడాది పొడుగున గుమ్మమును, పొగగొట్టమును చూచు కన్నులకు ఒక్క దినమైనను దూరపు దిక్కు కనబడవలెను.

ఇక వ్యయము మాట. తెలంగాణమున 2023 డిసెంబరు 9వ తేదీనుండి మహాలక్ష్మి పథకము క్రింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలోను, నగరమందలి ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులలోను స్త్రీలకు ఛార్జీ లేదు. ఆధారు కార్డు చూపినచో కండక్టరు సున్న టికెట్టు కోసి యిచ్చును. ఆ టికెట్టుతో మేము పోయినది మాత్రము మరల పెండ్లికిని ఆసుపత్రికినే! ప్రభుత్వము ఛార్జీని మాన్పగలదు గాని దినము నీయజాలదు గదా. దినము నిచ్చువారు ఇంటివారు. అడిగి పుచ్చుకొనవలసినవారము మనము.

గడచిన కార్తికమున నొక యాదివారము మే మైదుగురము గోలకొండకు బయలుదేరితిమి. ఒక కంపెనీలో మందుల డబ్బాలు కట్టు పనిచేయు పొరుగింటి కోడలు, అరువదియేండ్లు దాటిన యామె యత్తగారు, మా వాడకు క్రొత్తగా వచ్చిన యొక ఒడియా యిల్లాలు, పదవ తరగతి చదువుచున్న మా యమ్మాయి, నేను. మా వారు బడిలో చరిత్ర చెప్పువారగుటచే తామును వచ్చి యన్నియు వివరింతుననిరి. "మీరింటనుండి యన్నము వండుడు, వివరించుపని నేను చూచుకొందును" అని చెప్పి వచ్చితిని. పెద్దామె మొదట రానని మొండికెత్తెను. "రాళ్లు చూడ పోతున్నరా? మన దగ్గర లేవా రాళ్లు?" అనెను. ఆడువారొంటిగా పోవుచున్నారు గనుక కాపుగా వత్తునని చివరకు తానే చెప్పులు తొడిగెను.

బస్సులో పటాన్‌చెరువు దాటుచుండగా అమ్మాయికొక ముచ్చట చెప్పితిని, మీరును వినదగినది. ఈ యూరిని మన ప్రాచీనులు పొట్లచెరువని వ్యవహరించిరి. 1550 మొదలు 1580 వరకు గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్‌షా తెలుగు కవుల నాదరించిన ప్రభువు. యౌవనమున విజయనగరమున కొన్నియేండ్లు తలదాచుకొనియుండుటచే మన భాషయందలి రుచి యెరిగినవాడు. కవు లాయనను మల్కిభరాముడని తెలుగుపేర బిలిచిరి. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానము నాయన కంకితము చేసెను. ఆయన కాలమున పొట్లచెరువునందుండిన అధికారి అమీనుఖానుడు. పొన్నికంటి తెలగన యను కవి తత్సమపదముల జోలికి పోక కేవల మచ్చతెనుగున యయాతిచరిత్రము రచించి ఈ అమీనుఖానునకే కృతి యిచ్చెను. అచ్చతెనుగు కావ్యములలో నదియే మొదటిదని ప్రసిద్ధి. మన పటాన్‌చెరువనగా లారీలును పొగగొట్టములునే యని తలచిన మా యమ్మాయి, ఆ మాట విని కిటికీనుండి యూరిని మరల తిరిగి చూచినది.

మెహదీపట్నము చేరి యచ్చట గోలకొండకు పోవు బస్సు నెక్కితిమి. కాకతీయుల నాడు మట్టికోటగా నుండి, బహమనీల చేత బడి, 1518లో సుల్తాన్ కులీతో కుతుబ్‌షాహీల రాజధానియైన స్థల మిది. గొల్లలు తిరుగాడిన కొండ గనుక గొల్లకొండ యైనదని జనవాక్యము. కొండ యెత్తు సుమారు 400 అడుగులు. ఎక్కవలసిన మెట్లు సుమారు 360.

బాలాహిస్సారు దర్వాజా లోపల గుమ్మటము క్రింద నిలిచి చప్పట్లు చరచినచో, దాదాపొక కిలోమీటరు దూరమున కొండకొననున్న వారికి వినబడును. శత్రువు వచ్చెనేని, మిత్రుడు వచ్చెనేని పైవారికి తెలియుటకై చేసిన యేర్పాటని చెప్పుదురు. ఒడియా యిల్లాలికి తెలుగు రాదు, మాకు ఒడియా రాదు. వచ్చీరాని హిందీతో కాలము గడుపువారము. చప్పట్లకు భాష యక్కరలేదు గనుక నామె నాలుగు మారులు చరచి, తన ధ్వని తనకే తిరిగి వచ్చుట విని, మా వాడకు వచ్చిన పిమ్మట మొదటిసారి గొంతెత్తి నవ్వినది.

ఎక్కు త్రోవ మొదట సులభముగా నుండి క్రమక్రమముగా నిట్రమగును. త్రోవలో మంత్రులు అక్కన్న మాదన్నల పేరున నొక కట్టడము కలదు. పైకి పోవగా రామదాసు చెర వచ్చును. పాల్వంచ తహసీలుదారు కంచెర్ల గోపన్న, భద్రాద్రి రామునకు ప్రభుత్వధనముతో గుడి కట్టించెనని తానీషా యాయనను బంధించిన కథ మన యిండ్లలో కీర్తనల వలన తెలియనివారు లేరు. ఆ చీకటిగదిలో రాతిపై మలచిన రామలక్ష్మణులును, హనుమంతుడును కలరు. రామదాసే మలచెనని నమ్మిక. పెద్దామె యచ్చట చేతులు జోడించి చాలసేపు నిలిచినది. "పాట విన్నప్పుడు ఇంత చీకటి అనుకోలే" అనెను.

అన్నిటికంటె నామెను నిలిపివేసినది నీటి యేర్పాటు. ఇంత యెత్తునకు నీరెట్లు చేరెనని మీరును అడుగుదురు. కొండపై వేర్వేరు మట్టములలో తొట్లు కట్టిరి. క్రింది తొట్టిలోని నీటిని చక్రములతో తోడి పైతొట్టికి, దానినుండి మరియొక పైతొట్టికి మెట్టుమెట్టుగా నెక్కించిరి. గోడలలో కాల్చిన మట్టిగొట్టములు పొదిగి భవనములకు నీరు పారించిరి. ఆ గొట్టముల ముక్కలు నేటికిని గోడల పగుళ్లలో కనబడును. కోటకు త్రాగునీరిచ్చిన దుర్గము చెరువు నేడు నగరపు భవనముల నడుమ నున్నది. పెద్దామె తన యత్తవారింటికి వచ్చిన నాడు చేదతో నూతినీరు తోడినది. పరిశ్రమల వ్యర్థముల వలన మా ప్రాంతపు భూగర్భజలము చెడుటచే నేడు డబ్బానీరు కొని త్రాగుచున్నది. మట్టిగొట్టముపై వ్రేలు పెట్టి, "కొండ మీదికి నీళ్లు ఎక్కించినోళ్లు ఉండె. మన బావిల నీళ్లను కాపాడుకోలేకపోతిమి" అని యామె యన్న మాటకు మాలో నెవ్వరును బదులు చెప్పలేదు.

ఇబ్రహీం మసీదును దాటి, బండల నీడనున్న మహంకాళి యమ్మవారిని దర్శించుకొని ముందునకు పోయితిమి. ఆషాఢమున నగరపు బోనాలు మొదలగునది గోలకొండలోనే. కొన నున్న బారాదరి యెక్కగానే గాలి పైటను పట్టుకొని లాగినది. ఒక ప్రక్క కుతుబ్‌షాహీ గోరీల గుమ్మటములు, ఒక ప్రక్క కోటగోడ, దూరమున మంచుమాటున పాతనగరము, వేరొక దిక్కున గచ్చిబౌలి వైపు లేచిన యద్దపు మేడలు. ఇంతలో క్రింద గుమ్మటమున నెవ్వరో చరచిన చప్పట్లు సన్నగా వినవచ్చెను. "ఎవరో పిలుస్తున్నరు" అని పెద్దామె తల తిప్పినది. పొరుగింటి కోడలు నవ్వి, "మన కోసం కాదులే అత్తమ్మా. ఈ పూట మనలను పిలిచేటోళ్లు ఎవరు లేరు, కూసో" అనెను. అత్తకోడండ్రిరువురును ఒక బండపై ప్రక్కప్రక్కన కూర్చుండి సర్వపిండి పంచుకొని తినిరి. పదునొకండేండ్లుగా ఒక యింట నుండియు అత్త తన యెదుట కాళ్లు చాచుకొని యింతసేపు ఊరక కూర్చుండగా చూచుట యదియే మొదటిసారియని కోడలు నాతో రహస్యముగా చెప్పినది.

దిగునపుడు రెండవ త్రోవ నిటారుగా రాణీమహలు వైపు వచ్చును. పెద్దామె మోకాళ్ల నుద్దేశించి మేము వచ్చిన త్రోవనే మెల్లగా దిగి, పిమ్మట ఆ మహళ్ల శిథిలములను చూచితిమి. 1687లో ఔరంగజేబు సైన్యము ఎనిమిది నెలలు చుట్టుముట్టినను బెదరని యీ కోట, లంచము దిన్న యొక యధికారి తలుపు తీయుటచే పడిపోయినది. గోడ యెంత మందమైనను తలుపు కడ నున్నవాని బుద్ధియే కోటయని మా యమ్మాయికి చెప్పనక్కర లేకయే బోధపడినది.

మధ్యాహ్నము దాటిన పిమ్మట కుతుబ్‌షాహీ గోరీలకు పోయితిమి. అచ్చట స్త్రీలు తప్పక చూడదగినది హయాత్ బక్షీ బేగము గోరి. ఆమె హైదరాబాదు నిర్మాత ముహమ్మద్ కులీకి కూతురు, తరువాతి సుల్తానుకు భార్య, ఆ తరువాతి అబ్దుల్లాకు తల్లి. 1626లో బాలుడైన కుమారుడు సింహాసన మెక్కగా రాజ్యభారము తాను వహించినది. 1667లో మరణించినది. మనము బస్సుబోర్డులపై నిత్యము చదువు హయత్‌నగర మామె పేరే. అచ్చటనే 2013 వానలకు కూలిన బడీబావిని మరల రాతితో నిలువబెట్టిరి. ఇచ్చటి మెట్లబావులను బాగుచేసిన పనికి 2022లో యునెస్కో వారి గౌరవము లభించినది. కూలిన బావి మరల నిండియుండుట చూచి పెద్దామె ప్రొద్దుటి తన మాటను కొంచెము సవరించుకొనెను: "చెయ్యాలంటే అయితది."

చీకటి పడకమున్నే యిల్లు చేరితిమి. ఏ యింటను మిన్ను విరిగి మీదపడలేదు. మా యింట అన్నము కొంత మాడినది, పొరుగింట పిల్లలు తలలు దువ్వుకొనలేదు, అంతే. పోయినది ఒక దినము. వచ్చినది మాత్రము ఇంకను తరుగలేదు. ఒడియా యిల్లాలు ఇపుడు మా గుమ్మమున కూర్చుండుటకు సంకోచింపదు. షిఫ్టు ముగియు వేళకు నిలుచువారు ఒంటిగా నిలువక యిరువురు ముగ్గురుగా నిలుచుచున్నారు. భయము పోయినదని చెప్పను, తోడు దొరకినది. "ఎందుకు?" అను ప్రశ్నకు నా యుత్తర మిదియే.

పోదలచినవారికి కొన్ని మాటలు. కార్తికమునుండి మాఘమువరకు అనుకూలకాలము. వేసవిలో ఆ రాతిపై నడువరాదు. ఉదయముననే యెక్కుడు. పట్టీలుండి మడమను పట్టు చెప్పులు తొడుగుడు. చీరకుచ్చెళ్లు కొంచెము పైకి చెక్కుకొనుడు. మనిషికొక సీసా నీరుంచుకొని, గ్రుక్కగ్రుక్కగా త్రాగుడు. ఇరువది ముప్పది మెట్లకొక్కమారు నిలువుడు. ఆయాసము వచ్చువరకు పందెము వేసుకొనకుడు. ఎక్కునపుడు గుండెకును, దిగునపుడు మోకాలికిని శ్రమ గనుక దిగుటకు తొందర కూడదు. రక్తపోటు, గుండెజబ్బు కలవారు వైద్యుని యనుమతి గైకొని పోవలెను. తినుబండారములకు పులిహోరయో, సర్వపిండియో చాలును. కాగితములను మరల సంచిలో వేసికొని రండు. గోడలపై పేర్లు చెక్కు పిల్లల చేయి పట్టుకొనుట మన పని.

గోలకొండ దూరమైనవారికి భువనగిరి కలదు, మెదకు కోట కలదు, రాచకొండ కలదు. కృష్ణాతీరమువారికి కొండపల్లియు, గుంటూరువారికి కొండవీడును, తిరుపతివారికి చంద్రగిరియు, విశాఖవారికి కైలాసగిరియు కలవు. ఇంటివారితో తగవు వలదు. నెల ముందుగా గోడక్యాలెండరున నొక యాదివారమునకు చుట్టు గీయుడు. పాలలెక్కయు, గ్యాసుబండ వచ్చిన తేదియు వ్రాయు ఆ క్యాలెండరుననే "నా దినము" అని వ్రాయుడు. కారణము వ్రాయనక్కరలేదు.