బైక్ మోడిఫికేషన్: ఏది ముచ్చట.. ఏది నేరం? బండి నాన్న పేరు మీద ఉంటే కేసు ఎవరి మీద?

రోడ్డు మీద వరసగా పేర్చిన సైలెన్సర్లు. వాటి మీదుగా కదులుతున్న రోడ్డు రోలర్. చుట్టూ పోలీసులు, కెమెరాలు. విశాఖపట్నం, హైదరాబాద్ లాంటి నగరాల్లో ఈ కొన్నేళ్లుగా ఇలాంటి సీన్లు మనం చూస్తూనే ఉన్నాం. వీడియో బయటకు రాగానే వైరల్ అవుతుంది. కింద కామెంట్లలో రెండు వర్గాలు. ‘బాగా బుద్ధి చెప్పారు’ అనేవాళ్లు కొందరు. ‘నా డబ్బు, నా బండి, నా ఇష్టం. అమ్మే షాపును వదిలేసి మమ్మల్ని పట్టుకుంటారేంటి?’ అనేవాళ్లు ఇంకొందరు.

ఈ రెండో వర్గం మాటలో సగం న్యాయం ఉంది. సగం లేదు. ఎందుకో చూద్దాం.

ముందుగా ఒక విషయం. మన ఇళ్లలో బైక్ ఒక్కరిది కాదు. ఈఎంఐ నాన్న కడతారు, ఆర్సీ కూడా చాలాసార్లు ఆయన పేరు మీదే ఉంటుంది. కొడుకు దాని మీద కాలేజీకి వెళ్తాడు. సాయంత్రం అమ్మనో, అక్కనో వెనక కూర్చోబెట్టుకుని బజారుకు తీసుకెళ్తాడు. అంటే ఒక బండి, ముగ్గురు మనుషులు. ‘జస్ట్ లుక్ కోసం’ అని మనం చేయించే మార్పులు వీళ్లలో ఎవరో ఒకరిని చిక్కుల్లో పెడుతున్నాయి. అసలు సమస్య ఇక్కడే ఉంది.

చట్టం గీసిన గీత ఎక్కడ?

మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ఈ విషయాన్నే చెబుతుంది. కంపెనీ తయారు చేసినప్పుడు ఇచ్చిన స్పెసిఫికేషన్లకు, ఆర్సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. ‘మార్పు’ అంటే ఏంటో కూడా ఆ సెక్షన్ వివరణలోనే ఉంది. బండి నిర్మాణంలో చేసిన మార్పు వల్ల దాని ప్రాథమిక లక్షణం మారితే అది ఆల్టరేషన్. అంటే ట్యాంకు మీద స్టిక్కర్ వేసుకుంటే చట్టం మీ వెంటపడదు. ఛాసిస్ కోసి బాబర్ స్టైల్‌లోకి మార్చినా, ఇంజిన్ మార్చినా వదలదు.

ఈ సెక్షన్ మీద సుప్రీంకోర్టు 2019 జనవరి 9న స్పష్టమైన తీర్పు ఇచ్చింది. కేరళ నుంచి వచ్చిన కేసు అది. జస్టిస్ అరుణ్ మిశ్రా, జస్టిస్ వినీత్ శరణ్ ధర్మాసనం అక్కడి హైకోర్టు డివిజన్ బెంచ్ తీర్పును పక్కనపెట్టింది. రిజిస్ట్రేషన్ కోసం తయారీదారు ఇచ్చిన ఒరిజినల్ స్పెసిఫికేషన్లను మార్చడానికి వీల్లేదని తేల్చేసింది. మిగతా వివరాల్లో మార్పులు చేసుకోవచ్చు కానీ, వాటిని రూల్ ప్రకారం ఆర్సీలో నమోదు చేయించుకోవాలి.

అదే ఏడాది పార్లమెంటు చట్టాన్ని సవరించింది. కొత్తగా వచ్చిన సెక్షన్ 182ఏలోని నాలుగో క్లాజ్ ప్రకారం, అనుమతి లేని మార్పు చేస్తే 6 నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ‘ఒక్కో మార్పుకు’ అన్న మాట గమనించండి. మూడు మార్పులు ఉంటే లెక్క రూ.15,000కు చేరుతుంది. పోలీసులు, రవాణా శాఖ అక్కడికక్కడ వసూలు చేసే చలానా మొత్తం మాత్రం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.

ఇక్కడ ఇంకో పాయింట్ ఉంది. ఈ క్లాజ్ నేరుగా చెప్పేది ‘యజమాని’ గురించి. బండి ఎవరు నడిపారన్నది తర్వాత సంగతి. అంటే షాపులో నిలబడి సైలెన్సర్ మార్పించింది కొడుకైనా, సమాధానం చెప్పుకోవాల్సి వచ్చేది ఆర్సీలో పేరున్న నాన్న కావొచ్చు.

సైలెన్సర్ అలంకారం కాదు

కుర్రాళ్లు ఎక్కువగా చేయించే మార్పు ఇదే. దీన్ని లుక్ కింద లెక్కేస్తారు. చట్టం మాత్రం అలా చూడదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో రూల్ 120 ప్రకారం, శబ్దాన్ని వీలైనంత తగ్గించే సైలెన్సర్ ప్రతి బండికీ ఉండి తీరాలి. కొత్త మోడల్ టూవీలర్లకు తయారీ దశలోనే శబ్ద పరిమితులు ఉన్నాయి. 80 సీసీ వరకు 75 డెసిబుల్స్, 80 నుంచి 175 సీసీ వరకు 77, 175 సీసీ దాటితే 80. డెసిబుల్ లెక్క మామూలు కూడిక కాదు. 10 పెరిగితే ధ్వని శక్తి పది రెట్లు పెరిగినట్టు. అందుకే ‘కొంచెం సౌండ్ పెంచాం అంతే’ అన్న మాట రాత్రి 11 గంటలకు పసిపిల్లను నిద్రపుచ్చుతున్న ఇంట్లో అస్సలు కొంచెంలా వినిపించదు.

సైలెన్సర్ గుండా కాకుండా వేరే దారిలో పొగ బయటకు వదిలే కటౌట్ వాడితే సెక్షన్ 194ఎఫ్ కింద మొదటిసారి రూ.1,000, ఆ తర్వాత రూ.2,000. శబ్దం, కాలుష్యం, రోడ్డు భద్రత ప్రమాణాలను ఉల్లంఘించే బండి నడిపితే సెక్షన్ 190 రెండో క్లాజ్ ఉంది. మొదటిసారికే 3 నెలల వరకు జైలు, లేదా రూ.10,000 వరకు జరిమానా, లేదా రెండూ. దానికి తోడు 3 నెలలు లైసెన్స్‌కు అనర్హత. ఈ క్లాజ్ నడిపినవారికే కాదు, నడపడానికి ఇచ్చినవారికీ వర్తిస్తుంది. మళ్లీ నాన్న దగ్గరికే వచ్చాం.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బైక్‌ల ఎగ్జాస్ట్‌లో క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది. విష వాయువుల్ని తగ్గించేది అదే. బయట కొనే చాలా ఫ్రీ ఫ్లో ఎగ్జాస్ట్‌లలో అది ఉండదు. అది తీసేశాక పొల్యూషన్ టెస్టులో బండి ఫెయిలైతే ఆశ్చర్యపోవాల్సిన పనిలేదు.

నంబర్ ప్లేట్ మీద హీరోయిజం

8055 నంబర్‌ను ‘బాస్’ అని చదివేలా రాయించడం, అభిమాన హీరో పేరో, పార్టీ గుర్తో, కులం పేరో ప్లేట్ మీద దించడం.. ఇవన్నీ మన ఊళ్లలో కొత్తేం కాదు. కానీ ప్లేట్ మీద అక్షరం ఎంత ఉండాలో మిల్లీమీటర్లలో రాసి ఉంది. టూవీలర్ వెనక ప్లేట్ మీద అక్షరాల ఎత్తు 35 మి.మీ., అంకెల ఎత్తు 40 మి.మీ. ఉండాలి. ఫ్యాన్సీ రాతకు చోటే లేదు.

2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లన్నీ హై సెక్యూరిటీ నంబర్ ప్లేట్‌తోనే వస్తున్నాయి. అశోక చక్రం హోలోగ్రామ్, లేజర్‌తో చెక్కిన ప్రత్యేక నంబర్, ఒకసారి బిగిస్తే మళ్లీ వాడలేని లాక్. ఇన్ని ఏర్పాట్లు చేసింది దొంగతనాలు ఆపడానికే. సన్నగా, స్టైల్‌గా కనిపించాలని దాన్ని పీకి చిన్న ప్లేట్ పెడితే, రేపు బండి పోయినప్పుడు వెతికే పోలీసులకు మీరే పని కష్టం చేసినట్టు.

తెలంగాణలో 2024 మార్చిలో టీఎస్ స్థానంలో టీజీ వచ్చింది. అది కొత్త రిజిస్ట్రేషన్లకే. పాత బండి మీద ‘టీఎస్’ను సొంతంగా ‘టీజీ’ చేసుకుంటే, ప్లేట్ మీద ఉన్నది ఆర్సీలో ఉన్నదానికి సరిపోదు. ఇక ఈ-చలానా కెమెరాకు దొరక్కుండా ప్లేట్ వంచడం, మాస్క్ తొడగడం, ఒక అంకె గీకేయడం లాంటివి లుక్ కోసం చేసే మార్పులు కానే కావు. కావాలని చేశారని తేలితే వ్యవహారం క్రిమినల్ కేసు దాకా వెళ్తుంది.

వెనక కూర్చున్న అమ్మ సంగతేంటి?

షోరూమ్ నుంచి బండి ఇంటికి రాగానే చాలామంది ముందుగా తీసేసేది శారీ గార్డ్. ‘అంకుల్ బండిలా ఉంది’ అని ఒక్క కారణం. నిజానికి ఇది చట్టం అడిగిన వస్తువు. రూల్ 123 ప్రకారం బైక్‌కు వెనక కూర్చునేవారు పట్టుకోవడానికి హ్యాండ్ గ్రిప్, కాళ్లు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్ట్ ఉండాలి. వెనక చక్రంలో కనీసం సగభాగాన్ని కప్పే రక్షణ కూడా ఉండాలి. ఎందుకో కూడా ఆ రూల్‌లోనే ఉంది. వెనక కూర్చున్నవారి బట్టలు చక్రంలో చిక్కుకోకుండా.

చీర కొంగో, చున్నీయో చక్రంలో చుట్టుకుంటే ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు. బండి వేగం తక్కువున్నా సరే, మనిషిని లాగి కింద పడేస్తుంది. చున్నీ మెడ చుట్టూ ఉంటే ప్రాణానికే ప్రమాదం. శారీ గార్డ్‌తో పాటు వెనక గ్రాబ్ రెయిల్ కూడా తీసేసి సింగిల్ సీట్ లుక్ తెచ్చుకునేవాళ్లు ఉన్నారు. ఆ బండి మీద రెండో మనిషిని ఎక్కించుకుంటే, పట్టుకోవడానికి ఏమీ లేకుండా కూర్చోబెట్టినట్టే.

అద్దాలదీ ఇదే కథ. రూల్ 125 రియర్ వ్యూ మిర్రర్ ఉండాలంటోంది. హ్యాండిల్ చివర బొత్తాంలా కనిపించే బుల్లి అద్దం పెట్టి ‘మిర్రర్ ఉంది కదా’ అంటే, వెనక వచ్చే లారీ అందులో కనిపించాలి కదా!

లైట్ల విషయానికొస్తే, ముందువైపు ఎరుపు లైటు నిషేధం. స్పాట్ లైట్, సెర్చ్ లైట్ లాంటివి రవాణా శాఖ అనుమతి లేకుండా బిగించకూడదని రూల్ 111 చెబుతోంది. కళ్లు బైర్లు కమ్మే తెల్ల ఎల్ఈడీల వల్ల మీకు రోడ్డు బాగా కనిపిస్తుంది, నిజమే. ఎదురొచ్చేవాడికి మాత్రం ఏమీ కనిపించదు. వాడు వచ్చి గుద్దేది మిమ్మల్నే.

మరి ఏవి చేసుకోవచ్చు?

చట్టం ముచ్చట్లన్నీ వద్దనలేదు. బాడీ మీద స్టిక్కర్లు, ట్యాంక్ ప్యాడ్, సీట్ కవర్, గ్రిప్పులు, ఫోన్ హోల్డర్ లాంటివి బండి ప్రాథమిక లక్షణాన్ని మార్చవు. అవి నంబర్ ప్లేట్‌ను, లైట్లను, ఇండికేటర్లను కప్పకపోతే చాలు. కంపెనీ తన మోడల్‌కు తనే ఇచ్చే యాక్సెసరీలు మిగతా వాటికంటే సేఫ్.

రంగు విషయంలో జాగ్రత్త. ఆర్సీలో రంగు కూడా రాసి ఉంటుంది. బండి మొత్తానికి వేరే రంగు వేయించినా, పూర్తిగా ర్యాప్ చేయించినా ఆర్టీఏ ఆఫీసులో నమోదు చేయించుకోవాలి. ఒక్క రంగు మాత్రం అసలు కుదరదు. ఆలివ్ గ్రీన్ రక్షణ శాఖ వాహనాలకే పరిమితమని రూల్ 121 చెబుతోంది. ఆర్మీ లుక్ మీద ఇష్టంతో బుల్లెట్‌కు ఆ రంగు వేయిద్దామనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

మార్పు అంటేనే తప్పని కూడా కాదు. దివ్యాంగుల కోసం స్కూటర్‌కు పక్క చక్రాలు బిగించుకోవడానికి చట్టంలోనే దారి ఉంది. అనుమతి తీసుకుని, ఆర్సీలో రాయించుకుంటే సరిపోతుంది. తేడా అవసరం దగ్గర, అనుమతి దగ్గర ఉంది.

షాపు మాటేంటి?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ‘అమ్మేవాళ్లను వదిలేస్తారా?’ ఇందులో న్యాయం ఉంది. రోడ్డు మీద నడపడానికి వీల్లేని సైలెన్సర్, మల్టీ టోన్ హారన్, ఫ్యాన్సీ ప్లేట్.. ఇవన్నీ పట్టపగలు, బోర్డు పెట్టి, బిల్లు లేకుండా అమ్ముతున్నారు. ఆన్‌లైన్‌లో ‘ఆఫ్ రోడ్ వాడకానికి మాత్రమే’ అని చిన్న అక్షరాల్లో రాసి చేతులు దులుపుకుంటున్నారు. కొన్నవాడు దాన్ని ఏ రేస్ ట్రాక్ మీదా నడపడని అందరికీ తెలుసు.

సెక్షన్ 182ఏలో అమ్మేవారి మీద కూడా శిక్ష ఉంది. రూల్స్‌కు విరుద్ధమైన కీలక భద్రతా విడిభాగాలు అమ్మితే ఏడాది వరకు జైలు, లేదా ఒక్కో విడిభాగానికి రూ.లక్ష జరిమానా, లేదా రెండూ. కానీ తనిఖీ ఎప్పుడూ జంక్షన్ దగ్గరే జరుగుతోంది, షాపు కౌంటర్ దాకా వెళ్లడం తక్కువ. రోలర్ కింద నలిగిన సైలెన్సర్ స్థానంలో మరొకటి అదే షాపు నుంచి వస్తుంటే డ్రైవ్ ఎన్నిసార్లు పెట్టినా ఏం లాభం? పట్టుబడిన ప్రతి కుర్రాడినీ ‘ఇది ఎక్కడ బిగించారు?’ అని అడిగి, ఆ చిరునామాకు కూడా వెళ్తేనే ఈ కథకు ముగింపు ఉంటుంది.

అయితే షాపువాడు తప్పించుకున్నాడు కాబట్టి మన తప్పు ఒప్పైపోదు. వీధిలో నిద్ర పాడైనవారికి, ఎదురొచ్చి కళ్లు కనిపించక పడినవారికి ఆ వాదనతో పనిలేదు.

బిగించే ముందు ఈ ప్రశ్నలు వేసుకోండి

* ఈ మార్పు వల్ల ఆర్సీలో ఉన్న వివరం ఏదైనా మారుతుందా?
* నంబర్, లైట్లు, ఇండికేటర్లు వెనకవాళ్లకు ఇప్పటిలాగే కనిపిస్తాయా?
* శబ్దం గానీ, పొగ గానీ పెరుగుతుందా?
* వెనక కూర్చునేవారికి పట్టుకోవడానికి, కాళ్లు పెట్టుకోవడానికి, బట్టలు చిక్కుకోకుండా ఉండటానికి ఉన్నవాటిలో ఏదైనా పోతుందా?
* ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పారా? చెప్పని మార్పు వల్ల ఓన్ డ్యామేజ్ క్లెయిమ్ దగ్గర పేచీ రావొచ్చు. వైరింగ్ కట్ చేస్తే వారంటీ కూడా పోయే అవకాశం ఉంది.

ఇప్పటికే మార్చేసి ఉంటే కంగారు పడక్కర్లేదు. చాలామంది ఇళ్లలో ఒరిజినల్ సైలెన్సర్, అద్దాలు, శారీ గార్డ్ అటక మీదో, మంచం కిందో ఉంటాయి. మెకానిక్ దగ్గర గంట పని. ముందుగా శారీ గార్డ్ బిగించండి. మిగతావి ఒక్కొక్కటిగా చూసుకోవచ్చు.