మాల్దీవుల ఓటరుకు పెద్ద పొరుగు మనమే

ఎన్నికల్లో పొరుగు దేశం గొడవ అనగానే మనకు పాకిస్తాన్, చైనా గుర్తొస్తాయి. 2023లో మాల్దీవుల ఓటరు ముందున్న పెద్ద పొరుగు మాత్రం మన దేశమే.

జనాభా 5 లక్షలు దాటిన ఆ దీవుల్లో అధ్యక్షుడు ఇబ్రహీం సోలిహ్‌ది ‘ఇండియా ఫస్ట్’ విధానం. మాలె మేయర్ మహమ్మద్ ముయిజ్జు వెనకున్న కూటమిది ‘ఇండియా ఔట్’ నినాదం. సెప్టెంబరు 30న జరిగిన రెండో విడత పోలింగులో ముయిజ్జు 54 శాతం ఓట్లతో గెలిచారు. చైనా గెలిచిందని మన దగ్గర చాలామంది తేల్చేశారు. మేము అలా అనుకోవడం లేదు.

గొడవంతా అక్కడున్న వంద మంది కూడా లేని మన సైనిక సిబ్బంది గురించి. వాళ్లు నడిపేది రెండు హెలికాప్టర్లు, ఒక డోర్నియర్ విమానం. దూరపు దీవుల రోగులను ఆసుపత్రికి చేర్చడం వాటి ముఖ్యమైన పనుల్లో ఒకటి. 1988లో కుట్రను అణచడానికి సైన్యాన్ని పంపిందీ, 2014లో మాలెలో తాగునీటి ప్లాంటు ఆగిపోతే నీళ్లు పంపిందీ మనమే. మరి కోపమెందుకు? 2021లో ఉతురు తిల ఫల్హు కోస్ట్‌గార్డ్ రేవుపై ఒప్పందం కుదిరింది. అందులో ఏముందో జనానికి పూర్తిగా చెప్పలేదు. అనుమానం అక్కడే ముదిరింది. హోసూరులోనో, బళ్ళారిలోనో తరతరాలుగా ఉంటున్న మనకు ఇది అర్థం కానిదేమీ కాదు: సాయం అందుతుంది, నిర్ణయం మాత్రం మనల్ని అడక్కుండా జరిగిపోతుంది. పైగా 2022 ఏప్రిల్‌లో సోలిహ్ ఆ ప్రచారాన్నే ఉత్తర్వుతో నిషేధించారు. ప్రతిపక్షానికి అంతకంటే ఏం కావాలి!

2024 జనవరిలో అక్కడి ఉపమంత్రులు మోదీపై నోరు పారేసుకున్నారు, వాళ్లను సస్పెండ్ చేశారు. ఇక్కడ సోషల్ మీడియాలో బహిష్కరణ పిలుపులు హోరెత్తాయి. ఢిల్లీ మాత్రం తొణకలేదు. ఆ ఏప్రిల్‌లోనే గుడ్లు, ఉల్లి, బియ్యం వంటి సరుకులకు 1981 తర్వాత అత్యధిక ఎగుమతి కోటా ప్రకటించింది. మే 10 నాటికి సైనికులు వెనక్కి వచ్చారు, వాళ్ల చోట పౌర సాంకేతిక సిబ్బంది వెళ్లారు. విమానం, హెలికాప్టర్లు అక్కడే ఉన్నాయి. ముయిజ్జు మాట చెల్లింది, రోగులకు సేవా ఆగలేదు. మా దృష్టిలో ఎన్నిక ఫలితం కంటే ఈ సర్దుబాటే ముఖ్యం.

అప్పుల భారంతో డాలర్ల కొరత వచ్చినప్పుడు ముయిజ్జు ఢిల్లీకే వచ్చారు. 2024 అక్టోబరులో 40 కోట్ల డాలర్లు, 3,000 కోట్ల రూపాయల కరెన్సీ మార్పిడి ఒప్పందం కుదిరింది. 2025 జులైలో మాలె స్వాతంత్ర్య దిన వేడుకలకు ముఖ్య అతిథి మోదీ. అప్పుడే 4,850 కోట్ల రూపాయల రుణ సదుపాయమూ ప్రకటించారు. ఈసారైనా షరతులు అక్కడి జనానికి వాళ్ల భాషలో, ముందే తెలియాలి. లేకపోతే 2028 అధ్యక్ష ఎన్నికల్లో పాత నినాదాన్ని కొత్త నోరు అందుకుంటుంది.