పుట్టిన సంవత్సరం ఎవరు వ్రాశారు?



మొన్న వేసవిలో రేపల్లె దగ్గర ఒక గ్రామానికి స్త్రీల సమాజపు కూడికకు వెళ్ళాము. కూడిక ముగిసిన తరువాత ఒక సహోదరి మమ్మును ప్రక్కకు పిలిచి సెల్‌ఫోను చేతిలో పెట్టింది. "అమ్మగారూ, ఇందులో ఏమున్నదో చూసి చెప్పండి. మావాడు రాత్రిళ్ళు దుప్పటి కప్పుకొని దీన్నే చూస్తున్నాడు" అన్నది. ఆమెకు చదువు రాదు. అంకెలు మాత్రం తెలుసు. కుమారుడు ఎనిమిదవ తరగతి.

తెరచి చూస్తే పెద్దలకు మాత్రమే అని వ్రాసిన చిత్రాలు చూపే యాప్‌లు రెండు ఉన్నాయి. ఒకదానిలో "మీకు 18 ఏళ్లు నిండాయా?" అన్న ప్రశ్నకు "అవును" అని నొక్కితే చాలు. రెండవది పుట్టిన తేదీ అడిగింది. పిల్లవాడు తల్లి ఆధార్ కార్డులోని తేదీ వేశాడు! తెలివికి కొదువ లేదు.

మా చిన్నతనంలో తెనాలిలో 'ఎ' సర్టిఫికెట్ సినిమా ఆడితే గేటు దగ్గర మనిషి ముఖం చూసేవాడు. అందరినీ ఆపేవాడని చెప్పము. ఆపినప్పుడు మాత్రం "నువ్వు ఫలానావారి అబ్బాయివి కదూ" అనేవాడు, ఆ మాట మన కంటే ముందే ఇల్లు చేరేది. 18 ఏళ్లలోపు వారికి సిగరెట్లు అమ్మరాదని 2003 నాటి చట్టం ఉన్నది. ఆ సంగతి చెప్పే బోర్డు బాపట్లలో కొట్టువాడైనా పెట్టవలసిందే. చట్టం తప్పినా తప్పినవాడు కంటికి కనబడతాడు. ఫోనులో గేటూ లేదు, మనిషీ లేడు.

ప్రభుత్వం ఊరక కూర్చోలేదు. 2021 ఫిబ్రవరిలో వచ్చిన నియమాల ప్రకారం ఇంటర్నెట్టులో సినిమాలు చూపే సంస్థలు ఏ వయస్సు వారికి ఏది తగునో గుర్తు వేయాలి. 13 ఏళ్లు, ఆపైవారికని గుర్తు వేసినవాటికి తల్లిదండ్రులు తాళం వేసుకొనే వీలు కల్పించాలి. పెద్దలకు మాత్రమే అన్నవాటికి నమ్మదగిన రీతిలో వయస్సు సరిచూడాలి. అశ్లీలము చూపుచున్నవని 2024 మార్చిలో 18, 2025 జూలైలో మరి 25 వేదికలను కేంద్రం మూసివేయించింది.

ఇక 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం మరొక మెట్టు ఎక్కింది. 18 ఏళ్లలోపు వారి వివరాలు తీసికొనేముందు ఏ సంస్థ అయినా తల్లి లేక తండ్రి అనుమతి పొందాలి, ఆ అనుమతి నిజమైనదని సరిచూడాలి. తప్పితే 200 కోట్ల రూపాయల వరకు జరిమానా. దీని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ఈ భాగం అమలుకు 18 నెలల గడువు ఇచ్చారు.

వినడానికి బాగున్నది. అయితే ఆ సహోదరి ఇంటిలో ఇది ఎలా జరుగుతుంది? అనుమతి కోరుతూ ఓటీపీ వస్తుంది. ఎక్కడికి? తల్లి ఫోనుకే. ఫోను ఎవరి చేతిలో ఉన్నది? ఆమె తెల్లవారకముందే నాట్లకు వెళ్ళిపోతుంది. గ్యాసు బుకింగు మొదలు బ్యాంకు సందేశాల వరకు చదివి పెట్టేది ఆ పిల్లవాడే. తల్లి అనుమతిని కొడుకే ఇచ్చుకొంటాడన్న మాట. ఢిల్లీలో నియమాలు వ్రాసినవారికి ఈ ఇల్లు గుర్తుకు వచ్చినట్లు లేదు.

అందరినీ ఆధార్ చూపమంటే సరి అనేవారున్నారు. మాకు అదీ భయమే. అటువంటి చిత్రాలు అమ్ముకొనేవాని చేతిలో మన కార్డు నకలు ఉంటే, రేపు దానితో ఏమి చేస్తాడు? బ్రిటనులో 2025 జూలై నుండి ముఖమో గుర్తింపు కార్డో చూపడం వంటి రీతిలో వయస్సు నిరూపించుకొంటేనే ఇటువంటి చోట్లకు ప్రవేశం. అక్కడ కూడ దొడ్డిదారులు వెదకినవారు ఎందరో.

ఆ రోజు మాకు చేతనైనది చేశాము. రెండు యాప్‌లను తీసివేసి, కొత్తవి ఎక్కించుకోకుండ తాళం అమర్చాము. తాళానికి నాలుగు అంకెలు కావాలన్నాము. పెండ్లి సంవత్సరం వేద్దామన్నది. వాడికి తెలుసు గదా అన్నాము. ఆమె చాలసేపు ఆలోచించి, మా వైపు వీపు త్రిప్పి, నాలుగు అంకెలు తానే నొక్కింది. అవేమిటో మేమూ అడుగలేదు.